ఇంట్లో కలుపుకునే టంకపు ఫ్లక్సు: ట్రైసోడియం ఫాస్ఫేట్ బదులు ఏమి వాడవచ్చు?

ప్రశ్న (పాలకొల్లు నుండి)

నేను ఇంటి దగ్గర వెండి మెట్టెలు, దిద్దులు చేయడం నేర్చుకుంటున్నాను. టంకానికి కావలసిన ఫ్లక్సును (మంటలో లోహం మసకబారకుండా, టంకం సాఫీగా పారేలా అతుకుకు పూసేదాన్ని) సొంతంగా కలుపుకోవాలని, విదేశాల్లోని వెండి పనివారు ప్రిప్స్ ఫ్లక్సు పేరుతో వాడే పాళ్ళు తీసుకున్నాను. సుమారు లీటరు నీటికి వెలిగారం 120 గ్రాములు, బోరిక్ ఆమ్లం 80 గ్రాములు, ట్రైసోడియం ఫాస్ఫేట్ 80 గ్రాములు. మొదటిది పచారీ కొట్టులోను, రెండవది మందుల దుకాణంలోను దొరికాయి. మూడవది తెలిసినవారు కొద్దిగా ఇచ్చారు గాని, మా బోరు నీటిలో వేయగానే తెల్లని మడ్డి దిగింది. అది మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? ఎరువుల కొట్టులోని డీఏపీ కూడా ఫాస్ఫేటే కనుక, దాన్ని వాడవచ్చునా?

జవాబు (అమలాపురం, రసాయనశాస్త్ర అధ్యాపకుడు)

దయచేసి డీఏపీ వాడకండి. అందులోనిది అమ్మోనియం లవణం కనుక, వెలిగారం వంటి క్షార పదార్థంతో కలిపి వేడిచేస్తే అమ్మోనియా వాయువు వెలువడుతుంది. పైగా ఎరువు గుళికల్లో ఉండే మలినాలు నగ మీద మిగిలిపోతాయి. ఆ కొట్టులోనే అమ్మే 20 శాతం బోరాన్ పొడి కూడా మీ వెలిగారం కాదు, ఎందుకంటే శుద్ధమైన వెలిగారంలో బోరాన్ 11 శాతం పైచిలుకు మాత్రమే ఉంటుంది.

మడ్డికి కారణం నీరే అయివుంటుంది. డెల్టాలో, ముఖ్యంగా సముద్రానికి దగ్గరి ఊళ్ళలో, బోరు నీళ్ళు చాలాచోట్ల కఠినమైనవి. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫేటుతో కలిసి కరగని లవణాలుగా అడుగుకు చేరతాయి. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ తీసుకుంటే ఈ చిక్కు ఉండదు.

ట్రైసోడియం ఫాస్ఫేట్‌ను బాయిలర్ నీటి శుద్ధికి వాడతారు కాబట్టి, రైసు మిల్లులకు రసాయనాలు అమ్మేవారిని అడిగి చూడండి. కొనేటప్పుడు అది అనార్ద్రమా (నీరు చేరని పొడి), స్ఫటికమా అన్నది తప్పక చూడాలి: మొదటిదాని అణుభారం 164, పన్నెండు నీటి అణువులు చేరిన స్ఫటికానిది 380, అంటే 80 గ్రాముల అనార్ద్ర పొడికి బదులు సుమారు 185 గ్రాముల స్ఫటికాలు కావాలి. పాళ్ళు రాసేవారు చాలామంది ఈ సంగతే చెప్పరు. ఇక వెలిగారం ఒక్కటే అయితే చల్లని నీటిలో లీటరుకు 50 గ్రాముల పైన పెద్దగా కరగదు. బోరిక్ ఆమ్లం తోడైతే రెండింటి కరిగే గుణమూ పెరుగుతుంది. కాబట్టి గోరువెచ్చని నీటిలో అన్నీ కలిపి కదపండి.

జవాబు (నరసాపురం, స్వర్ణకారుడు)

అమ్మా, ఫాస్ఫేటు దొరకకపోయినా పని ఆగదు. మా కుంపటి దగ్గర వెలిగారం గడ్డను తడి రాతి మీద గంధంలా అరగదీసి, ఆ ముద్దనే కుంచెతో అతుకుకు పూస్తాం. పచ్చి వెలిగారంలో దాదాపు సగం బరువు నీరే కాబట్టి మంట తగిలితే పొంగి టంకపు ముక్కలను పక్కకు నెట్టేస్తుంది. అందుకని మొదట దూరం నుంచి మెల్లగా కాచి, పొంగు అణిగాకే మంటను దగ్గరకు తేవాలి. వెలిగారం సుమారు 743 డిగ్రీల దగ్గర గాజులా కరుగుతుంది, 92.5 శాతం వెండి, మిగతాది రాగి ఉన్న నగల లోహం 800 డిగ్రీలు దాటగానే మెత్తబడటం మొదలుపెడుతుంది. ఈ రెంటి మధ్య ఎడం తక్కువ. బోరిక్ ఆమ్లం కలిస్తే ఫ్లక్సు ఇంకా ముందే కరిగి రాగి మసక పట్టకుండా కాపాడుతుంది, మీ పాళ్ళలో నాకు నచ్చింది అదే. టంకం అయ్యాక గాజు పొరను నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపిన వేడి నీళ్ళతో తీయండి, అందులో ఇనప పటకారు మాత్రం ముంచకండి, వెండి మీద రాగి పూత ఎక్కుతుంది.

జవాబు (భీమవరం)

పై పెద్దలు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. ఫ్లక్సు కన్నా టంకపు కడ్డీ గురించి ఎక్కువ విచారించండి. కాడ్మియం కలిసిన టంకం ఇప్పటికీ ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. కాడ్మియం 767 డిగ్రీలకే మరుగుతుంది, ఆ పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, గది తలుపులు తీసిపెట్టుకోవడం దానికి చాలదు. బోరిక్ ఆమ్లం కలిపిన గిన్నె, గరిటె కూడా వంటింటికి తిరిగి వెళ్ళకూడదు.

ప్రశ్న వేసినవారు

అధ్యాపకులు గారికి, మిగిలిన ఇద్దరికి కృతజ్ఞతలు. డిస్టిల్డ్ వాటర్ తెచ్చాను, ఫాస్ఫేటు దొరికేదాకా అరగదీసిన వెలిగారంతోనే పని నడుపుతాను. కడ్డీలో ఏమేమి ఉన్నాయో అమ్మినవారిని రాతపూర్వకంగా అడుగుతున్నాను.