గేటు దాకా వచ్చి ఆగిపోయే పిల్లలు: బడి తరఫున ఏం చేయాలె? (చర్చ)

పరకాల_టీచర్
ఏడో తరగతి పిలగాడు. ఆటిజం అని డాక్టర్ రాసిచ్చిన కాగితం ఉంది, చదువుల మంచిగనే ఉంటడు. దసరా సెలవుల తర్వాత వారానికి రెండు రోజులు రావుడే గగనమైంది. వచ్చిన రోజు కూడా గేటు కాడ్నే కూలబడుతున్నడు. ఇంట్లోళ్లు హాస్టల్ల వేస్తమంటున్నరు. ఏ వరుసల ఏం చేయాలె?

హన్మకొండ_కౌన్సెలర్
హాస్టల్ మాట ఇప్పుడు వద్దు. ఎనిమిది గంటలు తట్టుకోలేనివాడికి ఇరవై నాలుగు గంటలు మందు ఎట్లయితది?

ముందు ఇది డుమ్మానా కాదా తేల్చండి. డుమ్మా కొట్టేవాడు ఇంట్లో చెప్పడు, బయట తిరుగుతాడు. భయపడేవాడు ఇంట్లోనే ఉంటాడు, ఆ సంగతి అమ్మానాన్నలకు తెలుసు. పొద్దున కడుపునొప్పి, ఒక్కోసారి వాంతి. బడి టైము దాటితే తగ్గుతుంది, ఆదివారం సాయంత్రం మళ్లీ మొదలు. అది నటన కాదు. ఆందోళనకు కడుపు నిజంగానే మెలిపెడుతుంది. పిల్లల డాక్టర్‌కు ఒకసారి చూపించి మలబద్ధకం, రక్తహీనత, మైగ్రేన్ లాంటివి లేవని తేల్చుకుంటే చాలు, నొప్పి వచ్చినప్పుడల్లా స్కానింగ్ అక్కర్లేదు.

తర్వాత రోజును ముక్కలు చేయండి: నిద్ర లేవడం, యూనిఫాం, ఆటో, గేటు, ప్రార్థన, ఒక్కో పీరియడ్, టాయిలెట్, భోజనం. ఒక్కోదాని పక్కన ఆకుపచ్చ (ఇబ్బంది లేదు), పసుపు (కొంచెం కష్టం), ఎరుపు (తట్టుకోలేను) చుక్క వాడితోనే పెట్టించండి. "ఎందుకు భయం?" అంటే ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది చెప్పలేరు, చుక్క మాత్రం పెడతారు. ఆ కాగితాన్ని హాజరు రిజిస్టర్, టైంటేబుల్ పక్కన పెట్టి చూడండి. రాని రోజుల్లో ఏ పీరియడ్ ఉందో అక్కడే దొరుకుతుంది.

భవిత_ఐఈఆర్పీ
గేటు కాడ ఆగుతున్నడంటే నా అనుమానం ముందుగాల ప్రార్థన మీదనే. మైకు, డ్రమ్ము, ఎండ, వరుసల ఒకరినొకరు నూకుడు. వీటిల ఏది ఎరుపైతే దాన్ని తీసేసినంకనే పిలగాన్ని రమ్మనాలె. కారణం అట్లనే ఉంచి "అలవాటైతది" అని రోజూ కూసోబెడితే చెవులకు అలవాటు కాదు, బడి మీద భయం గట్టిపడ్తది. మామూలు భయం మెల్లగ అలవాటుతోని తగ్గొచ్చు, ఆటిజంల చప్పుడు బాధ అట్ల తగ్గది. ఈ తేడా కాడ్నే చాలామంది తప్పుతరు.

ఇయ్యన్నీ పైసా ఖర్చు లేనివి:
– ప్రార్థన అయినంక పది నిమిషాలకు రావాలె, సీదా క్లాసుకే. రిజిస్టర్ల లేటు పడొద్దు.
– తలుపు పక్క సీటు, వెనక గోడ. ఫ్యాను గరగర అంటే ఆ ఫ్యాను కింద వద్దు.
– బెల్టు, టై మినహాయింపు. మెడకాడ లేబుల్ కత్తిరించాలె, సాక్సు తిరగేసి తొడగొచ్చు.
– నిలబెట్టి చదివించొద్దు. అప్పజెప్పుడు స్టాఫ్‌రూంల ఒక్కనితోనే.
– బయటికి పోయే కార్డు. బెంచి మీద పెడితే టీచర్ ఏమీ అడగొద్దు. ఏడికి పోవాలె (లైబ్రరీ), ఎంతసేపు (పది నిమిషాలు), అక్కడ ఎవరుంటరు, మూడూ ముందే రాసి ఉండాలె.

కార్డు ఎక్కడ ఫెయిలైతదంటే, క్లాస్ టీచర్ సెలవు పెట్టిన రోజు. ఆమె బదులు వచ్చిన సార్‌కు తెల్వదు, పదిమందిల అడుగుతడు, అంతే సంగతి. అందుకే స్టాఫ్ రిజిస్టర్ల రాసి అందరితోని సంతకం పెట్టించాలె.

కాజీపేట_అమ్మ
బడికి మళ్లీ కొంచెం కొంచెం అలవాటు చేసే మెట్ల సంగతి కూడా చెప్పండి అన్నా. ఒక్కసారే రోజంతా ఉంచొద్దంటారు, మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

హన్మకొండ_కౌన్సెలర్
చివరి పీరియడ్ నుంచి అక్కా. పొద్దున పంపి మధ్యలో తీసుకొస్తే "నేను ఓడిపోయి వచ్చిన" అనిపిస్తుంది. చివరి పీరియడ్‌కు వచ్చి లాంగ్ బెల్ కొట్టాక అందరితో కలిసి ఇంటికి పోతే రోజు పూర్తయినట్టే ఉంటుంది. దానికంటే ముందు ఖాళీ బడి: బడి విడిచాక వచ్చి గేటు, తరగతి, టాయిలెట్ చూసిపోవడం. తర్వాత ఇష్టమైన సార్ ఉన్న చివరి పీరియడ్, ఆపైన చివరి రెండు, ఆపైన మధ్యాహ్నం నుంచి.

ఒక మెట్టు మీద వరుసగా మూడు రోజులు పసుపులోపే ఉంటే పై మెట్టు. ఎరుపు వస్తే ఒక్క మెట్టే దిగాలి, మొదటికి కాదు. చెడగొట్టేవి రెండున్నాయి. ఒకటి, ఒక మంచి రోజు చూసి "బాగనే ఉన్నడు కదా" అని సాయంత్రం దాకా ఆపేయడం. రెండు, "ఐదు నిమిషాలే" అని చెప్పి వదిలిపోవడం. మాట తప్పితే తర్వాత ఏ మెట్టూ నమ్మడు.

సుబేదారి_నాన్న
ఇంట్ల ఉన్న గంటల్లో ఫోన్, టీవీ బంద్ చేయాలెగద? లేకపోతే ఇల్లే బాగుందనుకుంటడు.

భవిత_ఐఈఆర్పీ
సగం నిజం. బడి టైంల యూట్యూబ్ వద్దు, సరే. కానీ పూర్తిగ అలిసిపోయి ఉన్న ఆటిజం పిలగాని కాడ రైళ్ల బొమ్మలో, మ్యాపులో గుంజుకుంటే శిక్ష అయితది. అవే వానికి తేరుకునే దారి. బడి వేళల్నే ఇంట్ల నడిపించాలె: అదే టైంకు లేవాలె, అదే టైంకు టిఫిను, రాత్రి అదే టైంకు పండుకోవాలె.

హన్మకొండ_కౌన్సెలర్
చచ్చిపోతానన్నా, తనను తాను గాయపరుచుకున్నా ఈ మెట్లన్నీ ఆపి అదే రోజు డాక్టర్ దగ్గరికి. రాత్రి అయినా సరే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఓపెన్‌స్కూల్_గైడ్
కాగితాల సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బంది) ఉన్నాయి, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం) పేరు విడిగా లేదు. ప్రైవేటు డాక్టర్ చీటీ బడిలో మాట్లాడటానికి పనికొస్తుంది గానీ యూడీఐడీ కార్డుకు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ప్రభుత్వ వైద్యుల పరీక్షే కావాలి. చట్టంలోని చాలా హక్కులకు వైకల్యం కనీసం 40 శాతం ఉండాలనే గీత ఉంది. సీబీఎస్‌ఈలో అర్హులైన పిల్లలకు గంట పరీక్షకు 20 నిమిషాలు అదనం. తొమ్మిదో తరగతికే కాగితాలు సిద్ధంగా ఉంచుకోండి, పదిలో పరుగెత్తితే అందవు.

ఎనిమిది పూర్తయ్యేలోపు టీసీ ఇచ్చి పంపిస్తామని బెదిరిస్తే 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చూపించండి. కొట్టడం, అవమానించడం 17వ సెక్షన్ కింద నిషేధం. 14 నిండాక ఓపెన్ స్కూల్ దారీ ఉంది, రోజూ హాజరు అక్కర్లేదు. అయితే దాన్ని బెదిరింపుగానో బహుమతిగానో వాడొద్దు.

కాజీపేట_అమ్మ
మార్చిల ఒంటిపూట బడులు పెడ్తరు కదా, అప్పుడు మొదలుపెడితే?

భవిత_ఐఈఆర్పీ
మంచి టైమే అక్కా, సగం పూటే బడి. కానీ పదో తరగతి పరీక్షా కేంద్రం పడ్డ బళ్లల్ల ఒంటిపూట మధ్యాహ్నానికి మారుతది. ముందే హెచ్‌ఎం సార్‌ను అడిగి పిలగానికి చెప్పాలె.

పరకాల_టీచర్
మా స్టాఫ్‌ల ఒక సార్ "కార్డు ఇస్తే రోజూ బయటనే తిరుగుతడు" అంటున్నడు.

హన్మకొండ_కౌన్సెలర్
కార్డు వాడినప్పుడల్లా తారీఖు, పీరియడ్, తిరిగొచ్చిన టైము రాయమనండి. రెండు వారాల తర్వాత ఆ కాగితం సార్‌కే ఇవ్వండి. వాడకం అన్ని పీరియడ్లలో ఉంటే మెట్టు ఎత్తు ఎక్కువైనట్టు, తగ్గించాలి. ఒకే పీరియడ్‌లో ఉంటే ఆ పీరియడ్‌లో ఏం జరుగుతోందో చూడాలి.