ఫ్రాస్ట్ (ఆకుల మీద మంచు గడ్డకట్టే చలి) వస్తోంది, టమాటా చెట్లకి దుప్పట్లు కప్పాలా, కాయలు కోసేసి పచ్చడి చేసుకోవాలా?

పెరటి పిచ్చోడు (డాలస్):
రేపు రాత్రి 31 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే సున్నా సెల్సియస్ కిందకి పడిపోద్దని చూపిస్తోంది ఫోన్లో. ఇంటెనక ఆరు టమాటా చెట్లున్నాయి, ఎండాకాలమంతా 100 దాటిన వేడికి పూత రాలిపోయి ఒక్క పిందె నిలబడలేదు, అక్టోబర్లో కాస్త చల్లబడ్డాక విరగ్గాసాయి, ఇప్పుడు చెట్టుకి ముప్పై దాకా పచ్చికాయలు. మా ఆవిడేమో అన్నీ కోసెయ్ పచ్చడి చేస్తానంటది. నాకు మనసొప్పట్లేదు, పాత దుప్పట్లు కప్పుదామని. ఎవరు కరెక్ట్?

కరివేపాకు పిన్ని (న్యూజెర్సీ):
మీ ఆవిడే. చెట్టు చావకపోతే చాలనుకుంటున్నావు నువ్వు. రాత్రిళ్ళు 55 కిందకి పోతే పూత నిలవదు, 50 కిందయితే ఉన్న కాయ కూడా అలాగే బిగుసుకుని కూర్చుంటుంది. రోజూ సాయంత్రం కప్పి పొద్దున్నే తీసి, ఆ సేవంతా ఎందుకు చెప్పు.

సీతాకాలం రైతు (ప్లానో, డాలస్ పక్కనే):
పిన్నిగారూ, మీ ఊరి లెక్క ఇక్కడ నడవదండీ. మీకు చలి వస్తే తిష్ట వేస్తది, ఇక్కడ ఒకటి రెండు రాత్రులు భయపెట్టి పోతది, మళ్ళీ వారం పది రోజులు పగలు 65, 70. ఆ ఒక్క రాత్రి గట్టెక్కిస్తే చాలు. పిచ్చోడు బ్రో, కప్పడమంటే చెట్టుకి శాలువా కప్పి సన్మానం చెయ్యడం కాదు. దుప్పటి నేల దాకా దిగాలి, అంచుల మీద ఇటుకలు పెట్టాలి, ఎందుకంటే వెచ్చదనం వచ్చేది చెట్టులోంచి కాదు మట్టిలోంచి. కాండం దగ్గర మూట కట్టినట్టు కట్టేస్తే ఆ వేడి బయటే పోద్ది. ప్లాస్టిక్ అయితే ఆకుకి తగలకుండా కర్రలు పాతి దాని మీద వెయ్యి, తగిలిన చోటల్లా మాడిపోద్ది.

పెరటి పిచ్చోడు:
దీపావళికి కట్టిన లైట్ల దండలున్నాయి, అవి లోపల పెడితే?

సీతాకాలం రైతు:
ఎల్ఈడీ అయితే వెలుగే, వేడి రాదు. పాతకాలం బల్బుల దండయితే పనికొస్తది, గుడ్డకి తగలకుండా చూస్కో.

చింతపల్లోడు:
మాది లంబసింగి దగ్గర, చలి సంగతి మాకు చెప్పక్కర్లేదు 😀 సాయంత్రమే మట్టికి నీళ్ళు పెట్టండి, ఆకు మీద కాదు. తడి నేల పగటి వేడిని ఎక్కువ పట్టుకుంటాది, పొడి నేల తొందరగా చల్లారిపోతాది. ఇంకోటి, మబ్బుగా ఉంటే అంత భయం లేదు, ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆగిపోయిన రాత్రే ప్రమాదం, ఫోన్లో 35 చూపించినా నేల దగ్గర గడ్డ కట్టేస్తాది.

కరివేపాకు పిన్ని:
సరే కప్పుకోండి, కానీ ఒక కాయ కోసి చూడు ముందు. కత్తి పెడితే గింజ తెగకుండా జిగురులో పక్కకి జారిపోయిందా, అది ముదిరిన కాయ, ఇంట్లో బల్ల మీద అరటిపండు పక్కన పెడితే ఎర్రబడుతుంది (ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు, రుచి చస్తుంది). గింజ తెగిందా, లేత కాయ, దుప్పటి కప్పినా ఈ చలికి ముదరదు. వాటిని పచ్చిమిర్చితో నూనెలో మగ్గించి, వేయించిన నువ్వులు వేసి నూరుకోండి. చింతపండు అక్కర్లేదు, కాయలోనే పులుపుంటుంది.

పెరటి పిచ్చోడు:
అప్‌డేట్. మూడు చెట్లు కోసేశాం, మూడు కప్పాను. పొద్దున చూస్తే రెండు బానే ఉన్నాయి, మూడోదానికి దుప్పటి పొట్టిదైపోయి ఒక పక్క జానెడు పైకి లేచింది, ఆ పక్క ఆకులన్నీ ఉడికిన తోటకూరలా నల్లగా వేలాడుతున్నాయి. ఆ దుప్పటి మా అత్తగారు ఊర్నుంచి తెచ్చిందంట, నాకు తెలీదు. ఇప్పుడు ఇంట్లో టెంపరేచర్ 31.

కరివేపాకు పిన్ని:
పచ్చడి ఎలా కుదిరిందో చెప్పలేదు.