ఫ్రెంచ్ పరీక్షలో వాదన వ్యాసం: నమూనా కంఠతా పట్టాలా, సొంతంగా రాయాలా?

కడప_కుర్రోడు: హైదరాబాద్‌లో ఐదు వారాల్లో డెల్ఫ్ బీ2 (ఫ్రెంచ్ భాషా స్థాయి పరీక్ష) రాయబోతున్నాను. ఫ్రాన్స్‌లో ఎంఎస్ కోసం. చదవడం, వినడం ఫర్వాలేదు. రాతే టెన్షన్. గంటలో కనీసం 250 పదాలతో ఒక విషయం మీద మన వైపు నిలబడి వాదించాలి. ఏ ప్రశ్నకైనా సరిపోయే నమూనా ఒకటి బట్టీ పట్టమని ఒకరు, వద్దని ఇంకొకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

బురుజు_మాస్టారు (కర్నూలు): బట్టీ పట్టు నాయనా. తొమ్మిదేళ్లుగా ఫ్రెంచ్ చెబుతున్నాను. మొదటి పేరాలో సమస్య, రెండు పేరాల్లో రెండు కారణాలు ఉదాహరణలతో, తర్వాత ఎదుటివాళ్ల అభ్యంతరానికి జవాబు, చివర నీ కోరిక. వీటిని కలిపే పదబంధాలు ఇరవై నోటికి రావాలి. పద్యానికి ఛందస్సు ఎలాగో దీనికి ఇది అలాగ.

పెన్నకవతల (అనంతపురం): ఆ ఛందస్సును నమ్ముకునే నేను మునిగాను. 100కి 48 వచ్చాయి, 50 వస్తే పాస్. రాతలో 25కి 9. నేను చేరిన చోట ఇచ్చిన నమూనా "ద నో జూర్", అంటే "ఈ రోజుల్లో" అని మొదలవుతుంది. తర్వాత లాభాలు, నష్టాలు, చివర "రెండు వైపులా నిజముంది". పరీక్షలో వచ్చిన ప్రశ్న: ఊరి నడిబొడ్డున కార్లు నిషేధిస్తామంటున్న మేయర్‌కు మీ అభ్యంతరం తెలుపుతూ లేఖ రాయండి. నేను మేయర్ గారికి కార్ల లాభనష్టాలు వివరించి వచ్చాను.

ఉగ్గాని_బజ్జీ: మేయర్ పాపం 😄

లెక్కల_పిచ్చి (ప్రొద్దుటూరు): అసలు సంగతి వదిలేశారు. 250 పదాలని ఎట్ల లెక్కపెడతారు? మధ్యలో అపాస్ట్రఫీ ఉంటే అది రెండు పదాలు. మా క్లాసులో అట్లే చెప్పారు.

బురుజు_మాస్టారు: కాదు. రెండు ఖాళీల మధ్య ఉన్నదంతా ఒకే పదం. నియమంలో ఇచ్చిన ఉదాహరణే ఉంది: "జ న లే పా వ్యు దెప్వీ అవాఁతియేర్", మొన్నటి నుంచి అతన్ని చూడలేదని అర్థం. ఏడు పదాలు. అందులో "లే" అపాస్ట్రఫీతో ఉంటుంది, ఒకటే. "అవాఁతియేర్" మధ్యలో అడ్డగీత ఉంటుంది, అదీ ఒకటే.

లెక్కల_పిచ్చి: వ్యాకరణం ప్రకారం మాత్రం రెండే.

బురుజు_మాస్టారు: @పెన్నకవతల, అమ్మా, తప్పు నమూనాది కాదు. బీ2లో అడిగేది ఒక వైపు వాదన. మీకు తూకం వేసే నమూనా ఇచ్చారు. చెప్పు కరిచిందని చెప్పులే మానేస్తామా?

పెన్నకవతల: సార్, మీది బాగుందనే అనుకుందాం. ఛందస్సుతో పాటు పద్యం కూడా మీరే ఇస్తున్నారు కదా. పిల్లలు యతి మార్చకుండా అప్పజెబుతున్నారు. అవధానంలో సమస్య ఇచ్చాక పూరించాలి గానీ, ఇంట్లో పూరించుకొని వస్తే దాన్ని అవధానం అంటారా?

బురుజు_మాస్టారు: అవధాని వెనక వేల పద్యాల ధారణ ఉంటుందమ్మా. గాల్లోంచి దిగదు.

గండికోట_గాలి: మీరిద్దరూ వేర్వేరు పరీక్షల గురించి కొట్లాడుతున్నారేమో. మాస్టారూ, మీ దగ్గరికి వచ్చేవాళ్లు రాసేది కెనడా వలస కోసం పెట్టే ఫ్రెంచ్ పరీక్ష, టెఫ్ కెనడా కాదూ? అందులో గంటకు రెండు పనులు: ఒక వార్తను కొనసాగించడం 80 పదాలు, పత్రికకు లేఖ 200 పదాలు. అలాంటిదే ఇంకో పరీక్ష టీసీఎఫ్ కెనడా, దాని మూడో పనిలో అయితే రెండు అభిప్రాయాలను పోల్చి, ఆపై మన మాట చెప్పాలి. కెనడా కేంద్ర ప్రభుత్వ వలస పథకం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి డెల్ఫ్ పనికిరాదు, అక్కడ టెఫ్, టీసీఎఫ్‌లే. వాటి ఫలితాలు రెండేళ్లే చెల్లుతాయి. డెల్ఫ్ జీవితాంతం చెల్లుతుంది.

బురుజు_మాస్టారు: నా దగ్గర ఎక్కువమంది టెఫ్ వాళ్లే, నిజం. అయినా పద్ధతి ఒకటే.

పెన్నకవతల: ఒకటే ఎలా అవుతుంది సార్? మీకు ఫీజు ఒకటే, అంతే. నాలుగు నెలల్లో భాష వచ్చేసిందని చెప్పి, నిజానికి అమ్ముతున్నది ఇరవై వాక్యాలు.

ఉగ్గాని_బజ్జీ: అయ్యో అక్కా…

బురుజు_మాస్టారు: అమ్ముతున్నానా? సరే, చెబుతాను వినండి. నా దగ్గరికి వచ్చే పిల్లల ఇళ్లల్లో బోర్లు ఎండి చెనిక్కాయ చేలు అమ్మినవాళ్లున్నారు. చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం నాలుగింటిలోనూ ఎన్‌సీఎల్‌సీ (కెనడా వాళ్ల ఫ్రెంచ్ కొలమానం) 7 వస్తే, ఇంగ్లిష్ కూడా ఓ మోస్తరుగా ఉంటే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 50 అదనపు పాయింట్లు. అవి వస్తే ఆ ఇంటి అప్పు తీరే దారి కనిపిస్తుంది. వాడికి ఉన్నది నాలుగు నెలలు. "నీ సొంత ఆలోచన రాయి" అంటే తెల్ల కాగితం ఇచ్చి వస్తాడు. బెంగళూరులో రెండేళ్లు నేర్చుకునే స్తోమత ఉన్నవాళ్లకు ఈ నీతులు సులువు.

పెన్నకవతల: నాకు బెంగళూరు స్తోమత ఉందని ఎవరు చెప్పారు? బస్సులో వెళ్లి పరీక్ష రాసి రాత్రికి తిరిగొచ్చినదాన్ని. తెల్ల కాగితం అన్నారు కదా, అదే నేను. ఫ్రెంచ్ రాక కాదు సార్. పదో తరగతి దాకా రాసిన ప్రతి వ్యాసం లాభాలు, నష్టాలు, ముగింపు. "నువ్వేమంటావు?" అని బళ్లో అడగలేదు, ఇంట్లో అసలే అడగలేదు. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు కూడా. మొదటిసారి అడిగింది ఒక ప్రశ్నపత్రం, అదీ పరాయి భాషలో. మేయర్‌కు "మీరు చేస్తున్నది తప్పు" అని రాయడానికి చెయ్యి ఆడక ఆ నమూనా వెనక దాక్కున్నాను.

గండికోట_గాలి: 🙏

బురుజు_మాస్టారు: (గంట తర్వాత) అమ్మా, ఫీజు మాట నొప్పించింది, కానీ అందులో అబద్ధం లేదు. ఆ దాక్కోవడం మా పిల్లల్లో రోజూ చూస్తాను. దాన్ని పోగొట్టడం నాకు చేతకాదు, అందుకే ఇరవై వాక్యాలిచ్చి పంపుతున్నాను. ఒకటి చెప్పండి. ఆ రోజు నిజంగా మేయర్‌కు ఏం చెప్పాలనిపించింది?

పెన్నకవతల: అప్పుడా? ఏమీ అనిపించలేదు. ఇంటికొచ్చాక అనిపించింది. క్లాక్ టవర్ దగ్గర అన్నీ ఆపేస్తే మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఆసుపత్రికి ఎలా పోవాలి? కార్లు ఆపుకోండి, ఆటోలు మాత్రం ఆపొద్దు అని.

బురుజు_మాస్టారు: ఇదే కదమ్మా వాదన! అమ్మ మోకాళ్లే ఉదాహరణ. నా ఇరవై వాక్యాల్లో ఇది లేదు. ఒక్క జాగ్రత్త: ఫ్రెంచ్‌లో "ఓతో" అంటే కారే. "కార్లు ఆపండి, కార్లు ఆపొద్దు" అని రాసినట్టవుతుంది. ఆటోరిక్షా అని పూర్తిగా రాయాలి.

కడప_కుర్రోడు: ఇంతకీ నేను బట్టీ పట్టాలా వద్దా?

పెన్నకవతల: క్రమం మాస్టారు దగ్గర తీసుకో తమ్ముడూ. లోపలిది మాత్రం రోజుకొక ప్రశ్న తీసుకొని ముందు తెలుగులో రాయి, ఎవరితోనన్నా పోట్లాడుతున్నట్టు. నేను నవంబర్‌లో మళ్లీ రాస్తున్నాను.

లెక్కల_పిచ్చి: ఆటో-రిక్షా మధ్యలో అడ్డగీత పెడితే ఒకటా, రెండా?