పాత ఉంగరంలో కెంపు అసలుదేనా?

ప్రశ్న: 1920ల నాటి ఉంగరం కొనాలనుకుంటున్నా. అంత పాతదంటే కెంపు సహజమైనదే అయ్యుండాలి కదా?

జవాబు 1: అలా అనుకోకండి. వెర్నాయ్ పద్ధతిలో, అంటే పొడిని మంటలో కరిగించి కృత్రిమంగా చేసిన కెంపుల సంగతి 1902లోనే బయటికొచ్చింది, కాబట్టి నగ వయసు చూసి రాయిని నమ్మలేం. 10 రెట్లు చూపించే లెన్స్‌తో లోపలికి చూడండి, గ్రామఫోన్ రికార్డు గీతల్లా వంపు తిరిగిన చారలు కనిపిస్తే అది మంటలో తయారైందే. సహజ రాయిలో అయితే చారలు తిన్నగా, కోణాలుగా ఉంటాయి. ఏమీ కనిపించలేదంటే మాత్రం సంబరపడొద్దు, ల్యాబ్‌కి పంపాల్సిందే.

జవాబు 2: ఉంగరంలో రాయి వెనక మూసి ఉందా? పాతవాటిలో మెరుపు కోసం రాయి కింద రేకు పెట్టేవాళ్లు, తడి తగిలితే పాడవుతుంది.

ప్రశ్న అడిగినవారు: అయ్యో, ఇంట్లో ఉన్న అలాంటిదే నిన్న సబ్బు నీళ్లలో నానబెట్టా!

జవాబు 2: వేడి పెట్టకుండా ఆరనివ్వండి, రాయి మసకబారితే రేకు పోయినట్టే.