మైకా గుంట పక్కన నాలుగెకరాలు: నిమ్మ పెట్టొచ్చా?

అడిగినవారు: కొత్తతోట

నెల్లూరు ప్రాంతంలోని సైదాపురం మండలంలో పాత మైకా గనుల పక్కనున్న ఊళ్లో నాలుగెకరాల పట్టా భూమి బేరానికి వచ్చింది. ఊరు చిన్నది, పేరు చెప్పినా పక్క మండలం వాళ్లకే తెలియదు. ఉత్తరం హద్దుకు ఆనుకుని పాడుబడ్డ గుంట ఉంది. అరవై అడుగుల లోతు అంటున్నారు, నడివేసవిలో కూడా నీళ్లుంటాయట. ఈశాన్యం మూల గని తవ్వినప్పుడు పోసిన తెల్లరాయి దిబ్బ. నేలంతా కాకిబంగారం (మైకా రేకులు), ఎండ పడితే తళతళ.

నిమ్మ పెట్టాలని ఆలోచన. మైకా ఉన్న నేల చెట్టుకు చెరుపు చేస్తుందా? మైకాలోనే పొటాష్ ఉంటుంది, ఇక వేయక్కర్లేదు అంటున్నారు, నిజమేనా? గుంట నీళ్లు మోటారు పెట్టి తోడుకోవచ్చా? దిబ్బను అమ్మేసి ఆ జాగా చదును చేసుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

మెట్టసేద్యం

మెరుపు చూసి భయపడకండి. మైకా విషం కాదు. సైదాపురం, రాపూరు, పొదలకూరు వైపు నిమ్మతోటలు చాలావరకు ఇలాంటి నేలల్లోనే ఉన్నాయి. అసలు ఇబ్బంది ఆ నేల పట్టు లేకపోవడం. రేకులు ఒకదాని మీద ఒకటి జారతాయి, మట్టి ముద్ద కట్టదు. నీళ్లు నిలవవు, వేసిన ఎరువు నీళ్లతో పాటు కిందికి దిగిపోతుంది, కట్టిన గట్టు మొదటి వానకే కోసుకుపోతుంది.

చేత్తో పట్టి చూసేటప్పుడు ఒక మోసం ఉంది. తడి మట్టిని వేళ్ల మధ్య రుద్దితే మైకా నేల పట్టులా మెత్తగా జారుతుంది. అది చూసి ఒండ్రు కలిసిన మంచి నేల అనుకుంటారు. అదే మట్టిని పిడికిట్లో గట్టిగా నొక్కి, మోకాలి ఎత్తు నుంచి వదలండి. ఒండ్రు నేలైతే ఉండ రెండు మూడు ముక్కలవుతుంది. మైకా నేలైతే పొడిపొడిగా చెదిరి, అరచేతికి వెండి పూత మిగులుతుంది.

ఇంకో పరీక్ష. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. ఇంకాక మళ్లీ నింపి, రెండోసారికి టైం చూడండి. ఎంత త్వరగా ఇంకితే నేలకు పట్టు అంత తక్కువ. మొదటిసారిది లెక్క కాదు, ఎండిన నేల ఎలాగూ తాగేస్తుంది. ఇలా నాలుగెకరాల్లో కనీసం ఐదు చోట్ల చూడాలి. వాటిలో రెండు చోట్ల మూడడుగుల దాకా తవ్వించండి. కింద పలుగురాయి (మీరన్న తెల్లరాయి) పలక తగిలితే ఆ తావులో చెట్టు నాలుగైదేళ్లు బాగానే పెరిగి, కాపు మీదికి వచ్చాక ఎండిపోతుంది.

పొటాష్ మాట సగమే నిజం. తెల్ల మైకాలో పొటాష్ నూటికి పది పాళ్ల వరకు ఉంటుంది, కానీ అది రేకుల మధ్య బిగుసుకుని ఉంటుంది. వేరుకు అందాలంటే ఆ రేకు శిథిలం కావాలి, తెల్ల మైకా అంత తేలిగ్గా కాదు. నల్ల మైకా కాస్త త్వరగా వదులుతుంది. కానీ అది శిథిలమై వర్మిక్యులైట్ అనే ఖనిజం అయ్యే చోట కథ తిరగబడుతుంది: మీరు వేసిన పొటాష్‌నూ, అమ్మోనియా రూపంలో ఉన్న నత్రజనినీ కొంత అదే పట్టి దాచుకుంటుంది. కాబట్టి మట్టి పరీక్షలో "లభ్య పొటాష్" అంకె ఎంత వస్తే దాన్ని బట్టి వేయండి, మెరుపును బట్టి కాదు.

---

గట్టుమీద

నేల సంగతి పైన వారు చెప్పారు, నేను గుంట దగ్గర ఆగుతాను. అక్కడే ప్రాణం మీదికి వచ్చేది.

ఇక్కడి రాయి పలకలు పలకలుగా ఉంటుంది. గుంట అంచున నిలబడకుండా, ఎదురు గట్టు నుంచి చూడండి. పలకలు గుంటలోకి వాలి ఉన్న వైపు గట్టు వానాకాలంలో జారుతుంది, పేక ముక్కల కట్టను వంచినట్టు. పలకలు వెనక్కి, నేలలోకి వాలి ఉన్న వైపు ఏళ్ల తరబడి నిలుస్తుంది. మీ పొలం ఏ వైపున ఉందో ముందు తేల్చుకోండి. జారే వైపైతే గుంట లోతుకు ఒకటిన్నర రెట్లు, అంటే అరవై అడుగుల గుంటకు తొంభై అడుగులు వదిలేయండి. నిలిచే వైపైనా లోతుకు తగ్గకుండా వదలాలి. అంచుకు సమాంతరంగా నేలలో బీటలు కనిపిస్తే, ఆఖరి బీట నుంచి కొలవండి, అంచు నుంచి కాదు. ఆ వదిలిన చోట పాదులు తీసి నీళ్లు పెట్టడం అసలే వద్దు. పైనుంచి ఇంకే నీరే గట్టును జారుస్తుంది. ముళ్లకంచె వేసి సరుగుడో, వట్టివేరో పెట్టి వదిలేయండి.

కంటికి కనపడనిది ఇంకోటి. పాత మైకా గనుల్లో పలుగురాయి పట్టీ వెంబడి ఏటవాలుగా సొరంగాలు తీశారు. కొన్నింటి నోళ్లు కంపా మట్టీ వేసి మూసేసి ఉంటాయి. పొలంలో పళ్లెంలా దిగిన చోటు, వాన తరువాత నీళ్లు సుడి తిరిగి మాయమయ్యే చోటు, చుట్టూ పచ్చిక ఎండినా అక్కడ మాత్రం గుండ్రంగా పచ్చగా ఉన్న చోటు ఉంటే అక్కడికి జేసీబీనీ బోరు బండినీ తీసుకెళ్లకండి. ఊళ్లో గనిపని చేసిన పెద్దవాళ్లను పొలంలోకి తీసుకెళ్లి, పట్టీ ఏ దిక్కుకు పోయిందో అడగండి. ఏ మ్యాపులోనూ లేని వివరం వాళ్ల దగ్గర ఉంటుంది.

నీళ్ల విషయం. గట్టు మీద మోనోబ్లాక్ (పైనుంచి పీల్చే మోటారు) పెట్టి తోడాలనుకుంటే నీటి మట్టం ఇరవై, ఇరవై రెండు అడుగులకు మించి దిగకూడదు. మోటారు ఎన్ని హెచ్‌పీ అయినా అంతకన్నా కింది నుంచి పీల్చలేదు. ఫిబ్రవరిలో బాగా పోసి ఏప్రిల్‌లో గాలి పట్టిందంటే కారణం ఇదే, మెకానిక్‌ను తిట్టి లాభం లేదు. నాలుగు ప్లాస్టిక్ డ్రమ్ముల తెప్ప కట్టి, దాని నుంచి సబ్‌మెర్సిబుల్‌ను (నీళ్లలో మునిగే మోటారును) కూలింగ్ తొడుగుతో సహా నీటి మట్టానికి ఐదారు అడుగుల కింద వేలాడదీయాలి. బరువంతా పైపు మీద కాకుండా తాడు మీద పడాలి. అడుగుకు మాత్రం వదలొద్దు. అడుగున మైకా బురద ఉంటుంది, మోటారు లోపల తిరిగే ఇంపెల్లర్‌ను అరగదీస్తుంది.

డ్రిప్ పెడితే జాలి ఫిల్టర్ ఒక్కటే చాలదు. మైకా రేకు వెడల్పుగా ఉన్నా పలచన, నిలువుగా తిరిగి జాలి సందులోంచి దూరిపోతుంది, పోయి డ్రిప్పర్ మెలికలో అడ్డం పడుతుంది. ముందు ఇసుక ఫిల్టర్, తరువాత 120 మెష్ డిస్క్ ఫిల్టర్ పెట్టండి. వారానికోసారి లేటరల్ (మొక్కల వరస వెంట పోయే సన్న పైపు) చివరి మూతలు తీసి, నీళ్లలో మెరుపు పోయేదాకా వదలండి.

వాడే ముందు ఈసీ (నీటిలో ఉప్పు కొలత), పీహెచ్ (పులుపు, క్షారం కొలత) పరీక్ష చేయించండి. నీటి ఈసీ మీటరుకు 1 డెసీసీమెన్ దాటితే నిమ్మకు జాగ్రత్త పడాలి, ఉప్పు తట్టుకునే చెట్టు కాదది. పరీక్షలో బాగుందని ఆ నీళ్లు కూలీలకు తాగడానికి ఇవ్వకండి. ఫ్లోరైడ్ విడిగా చూడాలి, తాగేనీటికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు ఆఖరి హద్దు. తోటకు పనికొచ్చే నీళ్లు మనిషికి పనికిరాకపోవచ్చు.

---

అడంగల్

దిబ్బ జోలికి పోకండి. "నా పొలంలో దిబ్బ, నా ఇష్టం" అనే మాట గనుల శాఖ దగ్గర చెల్లదు.

2013లో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో, చట్టం ద్వారా తీసేయనంతవరకు భూమి కింది ఖనిజం కూడా భూయజమానిదే అని చెప్పింది. చాలామంది అక్కడిదాకా చదివి ఆగిపోతారు. హక్కు ఉండటం వేరు, తవ్వి తరలించే అనుమతి వేరు. అనుమతి, రవాణా పర్మిట్ లేకుండా లారీ కదిలిస్తే కేంద్ర గనుల చట్టం 21వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు, హెక్టారుకు ఐదు లక్షల వరకు జరిమానా పడొచ్చు. బండి కూడా సీజ్ చేస్తారు. పాత దిబ్బ కదా, కొత్తగా తవ్వలేదు కదా అని ఎవరైనా బేరగాడు నచ్చజెబితే నమ్మకండి.

పైగా రూలు మారింది. మైకా, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ 2015 ఫిబ్రవరిలో చిన్నతరహా ఖనిజాల జాబితాలోకి వెళ్లాయి. 2025 ఫిబ్రవరి 20న కేంద్రం వాటిని, బెరైటీస్‌తో కలిపి, తిరిగి ప్రధాన ఖనిజాల్లోకి తెచ్చింది. ఇవి దొరికే పెగ్మటైట్ అనే పెద్ద పలుకుల రాళ్లలోనే లిథియం, బెరిల్ లాంటి కీలక ఖనిజాలు ఉండే అవకాశం ఉందనేది కారణం. 2025కు ముందటి పద్ధతి చెప్పేవాళ్ల మాట మీద లెక్కలు వేసుకోవద్దు.

కొనే ముందు చూడాల్సినవి: అడంగల్ (సాగు లెక్క), 1బీ (హక్కుల లెక్క), ఈసీ (ఇది నీళ్ల ఈసీ కాదు, భూమి మీద అమ్మకాలు, తాకట్లు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం), 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములది), ఎఫ్ఎంబీ (సర్వే కొలతల) పటం. వీటికి తోడు గనుల శాఖ కార్యాలయంలో ఆ సర్వే నంబరు మీద లీజు ఉందా, దరఖాస్తు పెండింగ్‌లో ఉందా అని రాతపూర్వకంగా అడగండి. ఈసీలో కనపడని లీజులు అక్కడ బయటపడతాయి. సర్వేయరుతో కొలిపించి, గుంట అంచు మీ హద్దులోకి ఎంత వచ్చిందో తేల్చుకోండి. గుంట కింద పోయిన సెంట్లకు డబ్బు కట్టడం ఎందుకు?

---

కొత్తతోట

అందరికీ ధన్యవాదాలండి. ఐదు చోట్ల నీళ్లు పోసి చూశాం. రెండోసారి నింపితే మూడు చోట్ల అరగంటలోపే ఇంకాయి, దక్షిణం వైపు రెండు చోట్ల గంటన్నర పట్టింది. గుంట దగ్గరి తావులో రెండున్నర అడుగులకే తెల్లరాయి తగిలింది. పలకలు మా వైపు నుంచి గుంటలోకే వాలి ఉన్నాయి. తొంభై అడుగులు వదిలితే సుమారు మూడెకరాలు మిగులుతుంది. ఆ మూడెకరాలకు ఏం చేయాలి?

---

మెట్టసేద్యం

మూడెకరాలకు బేరం మాట్లాడండి, నాలుగుకు కాదు.

ఆరు మీటర్ల ఎడంతో ఎకరానికి 110 మొక్కలు పడతాయి. గుంత మూడడుగుల ఘనం. పై అడుగు మట్టి ఒకవైపు, కింది రెండడుగుల మట్టి ఇంకోవైపు వేయండి. కింది మట్టిలో మెరుపు ఎక్కువుంటే తిరిగి గుంతలోకి వేయకుండా దూరంగా పరిచేయండి. గుంతలో నాలుగో వంతు చెరువు మట్టి పడాలి. ఒక గుంత 27 ఘనపుటడుగులు, అందులో పావు వంతు దాదాపు ఏడు, 110 గుంతలకు 770. వంద ఘనపుటడుగుల ట్రాక్టరు ట్రక్కులు ఎకరానికి ఎనిమిది కావాలి. పొలమంతా సెంటీమీటరు మందం పరచాలంటే పద్నాలుగు ట్రక్కులు, అయినా చెట్టుకు అందేది తక్కువ. డబ్బు గుంతలోనే పెట్టండి. చెరువు మట్టికి తోడు గుంతకు 40 కిలోల చివికిన పశువుల ఎరువు, కిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్. పచ్చి పేడ వేస్తే చెద వస్తుంది.

రకానికి బాలాజీ. వెంకటగిరి దగ్గర పెట్లూరు నిమ్మ పరిశోధన కేంద్రం ఉంది, మొక్కల కోసం ముందు అక్కడ విచారించండి. నీటి ఎద్దడి నేల కాబట్టి రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంటు మేలు. అంటు ముడి నేలకు జానెడు పైనే ఉండాలి. ఈ గుల్ల నేలలో గుంత ఆరు నెలల్లో నాలుగైదు అంగుళాలు కుంగుతుంది, మొక్క కూడా దాంతోపాటు దిగి ముడి మట్టిలో మునుగుతుంది. ఆపైన బంక తెగులు. అందుకే గుంత నింపాక రెండు మంచి వానలు పడనిచ్చి, కుంగినంత మళ్లీ నింపి, అప్పుడు నాటండి.

డ్రిప్ నీళ్లు ఈ నేలలో ముల్లంగిలా నిలువునా దిగుతాయి, ఎర్రగడ్డలా పక్కలకు పరుచుకోవు. ఒక పెద్ద డ్రిప్పర్ బదులు చిన్నవి మూడు నాలుగు పెట్టండి. గంటసేపు ఒకేసారి వదిలే బదులు పొద్దునా సాయంత్రమూ అరగంట. ఎరువు కూడా అంతే: ఏడాది యూరియాను రెండు దఫాలకు బదులు ఐదారు దఫాలు చేయండి, పెద్ద వాన ముందు వేయకండి. జింకు లోపం తొందరగా కనిపిస్తుంది, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు పడుతుంది. లీటరు నీటికి జింకు సల్ఫేట్ 5 గ్రాములు, యూరియా 10 గ్రాములు కలిపి కొత్త చిగురు మీద కొట్టండి. ఆకు మాడకుండా కాస్త సున్నం కలపడం మరవద్దు.

---

గట్టుమీద

ఒక్క మాట కలుపుతాను. గుంట వైపు నుంచి వేసవి గాలికి లేచే రేకుల ఇసుక లేత ఆకుల్ని గీరుతుంది. ఆ గీతల్లోంచే గజ్జి తెగులు దిగుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో ఇక ఆగదు. ఆ తొంభై అడుగుల్లో, కంచెకు ఇవతల, సరుగుడు రెండు వరసలు మొక్కల కన్నా ఏడాది ముందే పెట్టండి. వానలకు ముందు ఎండుపుల్లలు కత్తిరించి కాల్చేసి, వంద లీటర్లకు కాపర్ ఆక్సీక్లోరైడ్ 300 గ్రాములు కలిపి కొట్టాలి. కత్తిరించిన చోట బోర్డో పేస్టు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ప్లాస్టిక్ బకెట్లోనే కలపండి. కలిపాక తోమిన ఇనుప కత్తిని నిమిషం ముంచి తీస్తే దాని మీద ఎర్ర తుప్పులాంటి పూత పడిందంటే మైలుతుత్తంలోని రాగి ఇంకా విడిగా ఉన్నట్టు, సున్నం ఇంకాస్త పడాలి.

లారీల దారి పక్కనున్న వరసల్లో దుమ్ము పడ్డ కాయల మీద మంగు నల్లి (కంటికి ఆనని చిన్న పురుగు) ఎక్కువగా చూస్తారు. ముందు ఉత్త నీళ్లతో ఆకులు కడగండి. తగ్గకపోతే లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం, సాయంత్రం పూట మాత్రమే. మిట్టమధ్యాహ్నం కొడితే కాయ తోలు మాడిపోతుంది.

---

కొత్తతోట

సర్వేయరుకు చెప్పాను. గనుల శాఖలో అర్జీ సోమవారం పెడతాం. ఆ జవాబు వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వను.