కరెంటు కారు రోజూ తిప్పేవాళ్లు చెప్పండి, ఎలా ఉంది?

మియాపూర్_సెల్లార్
అందరికీ నమస్తే. పదకొండేళ్ల పెట్రోల్ కారు ఇక చాలనుకుని కరెంటు కారు వైపు చూస్తున్నా. ఆఫీసు గచ్చిబౌలి, రానూపోనూ 30 కిలోమీటర్లు. నెలకోసారి విజయవాడలో అత్తగారిల్లు, ఏడాదికోసారి తిరుపతి. షోరూమ్ వాళ్లు చెప్పేవీ యూట్యూబ్ వాళ్లు చెప్పేవీ వినీ వినీ చెవులు నిండిపోయాయి. కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం సొంతంగా తిప్పినవాళ్లు చెప్పండి. పొద్దున లేచి కారు తీస్తే ఎలా ఉంటుందో అది కావాలి నాకు. మాది 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, సెల్లార్‌లో పార్కింగ్, ఇప్పటిదాకా ఒక్కరికి కూడా ఈవీ (కరెంటు కారు) లేదు.

బెజవాడ_బైపాస్
నాది 40.5 యూనిట్ల బ్యాటరీ ఉన్న టాటా నెక్సాన్, రెండున్నరేళ్లలో 46 వేలు తిరిగింది. (కిలోవాట్ అవర్ అన్నా యూనిట్ అన్నా ఒకటే, నేను యూనిట్ అనే అంటా.) మీరు వెళ్లే దారిలోనే నేనూ నెలకి రెండుసార్లు వెళ్తాను కాబట్టి ముందు ఆ సంగతి. ఎల్బీనగర్ దాటి 65వ నంబరు హైవే ఎక్కాక 80, 85 మీద వెళ్తే యూనిట్‌కి ఏడు కిలోమీటర్ల దాకా ఇస్తుంది, 110 మీద తొక్కితే ఐదు రావడం కూడా కష్టమే. స్పీడు పెరిగేకొద్దీ గాలి ఎదురుతోపు విపరీతంగా పెరిగిపోతుంది, పెట్రోల్ కారుకీ ఇదే జరుగుతుంది గానీ అక్కడ మనకి పట్టదు, ఇక్కడ ఒక్కో శాతం కళ్ల ముందే రాలిపోతుంటే కాలు దానంతట అదే వెనక్కి వస్తుంది. కొత్తలో మధ్యలో ఆగకుండా బెజవాడ వెళ్లిపోదామని హీరోయిజం చేశా. నందిగామ దగ్గర 9 శాతం, ఇంకా 50 కిలోమీటర్లు ఉంది, ఏసీ ఆపేశా, మా ఆవిడ కొంగుతో విసురుకుంటూ ఒక చూపు చూసింది. అక్కడే ఒక హోటల్ వెనకాల చార్జర్ దొరికి బతికిపోయాం. అప్పటినుంచి సూర్యాపేటలో ఆగడమే. అక్కడికి 45 శాతం దాకా మిగులుతుంది, టిఫిన్ చేసి టీ తాగేసరికి 80 అవుతుంది. 80 దాటాక చార్జర్ గన్ (కారుకి గుచ్చే ప్లగ్గు) పీకేయండి, ఆ చివరి 20 శాతం ఎక్కడానికి అంతకుముందు 40 శాతం ఎక్కినంత టైం పడుతుంది.

డీజిల్_వీరాభిమాని
టీ తాగేసరికి 80 అవుతుంది సరే అన్నా, గన్ ఖాళీగా ఉంటే కదా. మా బావమరిది సంక్రాంతికి వెళ్లి చార్జర్ దగ్గర రెండు గంటలు క్యూలో ఉన్నాడు. నేను డీజిల్ కొట్టించుకుని ఆ టైంకి ఏలూరులో భోజనం చేస్తున్నా.

బెజవాడ_బైపాస్
పండగ విషయంలో నువ్వన్నది నిజమే తమ్ముడూ, భోగి ముందు రెండు రోజులు ఈ కారు వేసుకుని ఆ రోడ్డెక్కకూడదు, ఎక్కినా తెల్లవారుజామున మూడింటికే ఎక్కాలి. ఒక్క మాట మాత్రం చెప్తా. పంతంగి టోల్‌గేట్ ముందు రెండు గంటలు తాబేలులా పాకాను, ఆ రెండు గంటల్లో పోయింది 3 శాతం. పక్కన డీజిల్ బండ్లు పొగ వదులుతూ గుడగుడలాడుతుంటే నా కారులో పిల్ల నిద్రపోయింది. నువ్వన్న క్యూ సూర్యాపేటలో నాకూ తగిలింది, నా ముందు నలుగురు.

రాజమండ్రి_టీచరమ్మ
నా అనుభవం చాలా చిన్నదండీ, హైవేలూ అవీ లేవు. 24 యూనిట్ల టియాగో, ఇల్లు నుంచి స్కూలు 19 కిలోమీటర్లు, మళ్లీ ఇల్లు. మూడు రోజులకోసారి రాత్రి పడుకునే ముందు చార్జింగ్ పెడతాను, ఫోన్‌కి పెట్టినట్టే. పెట్రోల్ బంకు మొహం చూసి ఏడాదిన్నర అయింది, టైర్లలో గాలి కోసం వెళ్లడం తప్ప. క్లచ్చి లేదు, గేర్లు లేవు, మోకాలి నొప్పి ఉన్నదాన్ని కాబట్టి నాకు అదే పెద్ద సుఖం.

ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. దీనికి చప్పుడుండదు. మా వీధి కుక్క రోడ్డు మధ్యలో పడుకుంటుంది, పాత కారు స్టార్ట్ చేస్తే మలుపులోనే లేచి పక్కకి పోయేది, ఇప్పుడు దాని తోక దాకా వెళ్లి ఆగి హారన్ కొడితే గానీ లేవదు. లేచి నా వైపు ఎంత కోపంగా చూస్తుందో! సందుల్లో సైకిల్ తొక్కే పెద్దవాళ్లు, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచే పిల్లలు అంతే, వెనక కారుందని వాళ్లకి తెలియదు. సందుల్లో 20 దాటకండి. ఇంకొకటి, బండి ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో మనకే తెలియదు. ఒకసారి డ్రైవ్‌లోనే వదిలేసి సంచీ తీసుకోవడానికి దిగబోయాను, కారు మెల్లగా ముందుకి కదిలింది, గుండె జారిపోయింది. దిగే ముందు హ్యాండ్‌బ్రేక్ వేశానో లేదో ఇప్పుడు రెండుసార్లు చూసుకుంటాను.

చిత్తూరోడు
తిరుపతి గురించి అడిగినారు కదా, నేను చెప్తా, నెలకి మూడు నాలుగు సార్లు కొండెక్కుతా. అలిపిరి నుంచి పైకి పోయేసరికి 13, 14 శాతం తాగేస్తుంది, ఫస్టు టైం ఎవరైనా భయపడతారు. దిగేటప్పుడు బ్రేకు తొక్కే పనే ఉండదు. కాలు తీస్తే చాలు మోటారే కారుని పట్టి ఆపుతుంది, ఆ ఊపంతా కరెంటుగా మారి బ్యాటరీలోకి పోతుంది, కిందికొచ్చేసరికి 4 శాతం పెరిగి ఉంటుంది. పోయింది మొత్తం తిరిగొస్తుందని చెప్పేవాళ్లని నమ్మొద్దు, ఆ 4 శాతమే లాభం. దిగడానికి ఎటూ టైం నిబంధన ఉంది కాబట్టి నిదానంగానే దిగాలి, బ్రేకులు కాలిన వాసన లేకుండా దిగడం మాత్రం భలే ఉంటుంది. ఇంకో మాట, పైన ఎక్కడన్నా 100 శాతం చార్జింగ్ పెట్టుకుని దిగబోతారేమో, పెట్టొద్దు. బ్యాటరీ నిండుగా ఉంటే వచ్చే కరెంటు పోయే చోటుండదు, మోటారు పట్టడం మానేస్తుంది, మళ్లీ మామూలు బ్రేకులే గతి.

ఇట్లా కాలు తీస్తే మోటారు కారుని పట్టి కరెంటు వెనక్కిచ్చేదాన్నే రీజెన్ అంటారు, దీని వల్ల ఒక గొడవ కూడా అయింది. దాన్ని ఫుల్లుగా పెట్టి నడిపితే కాలు తీసినప్పుడల్లా కారు వెనక్కి లాగినట్టు అవుతుంది. నడిపేవాడికి బాగానే ఉంటుంది, వెనక కూర్చున్న మా అమ్మకి మూడో మలుపులోనే కడుపులో తిప్పింది, ఏడో మలుపులో కవర్ ఇవ్వాల్సొచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఎక్కేటప్పుడు తక్కువలో పెట్టండి, దిగేటప్పుడు పెంచినా కాలు ఒక్కసారిగా తీయకుండా మెల్లగా తీయండి.

గోదావరిఖని_ఎండ
మా దగ్గర మే నెలల 45 డిగ్రీలు మామూలే. కారు బాగనే తట్టుకుంటది, మధ్యాహ్నం ఎండల నిలబెట్టిన కారుని ఫోన్ నుంచి ఏసీ ఆన్ చేసి పది నిమిషాలాగి ఎక్కితే చల్లగుంటది, పెట్రోల్ కారుల ఈ భోగం లేదు. బయట ఫాస్ట్ చార్జర్ల దగ్గర మాత్రం మధ్యాహ్నం స్పీడ్ సగానికి పడిపోతది, చార్జింగ్ పని పొద్దున్నే చూసుకోవాలె.

నా తిప్పలంతా ఇంట్లనే. ఏప్రిల్ దాకా మంచిగ ఎక్కిన చార్జింగ్ ఒకరోజు రాత్రి ఆగిపోయింది. చార్జర్ డబ్బా మీద ఎర్ర లైటు. పీకి పెడితే రెండు నిమిషాలు నడుస్తది, మళ్ల ఎర్ర లైటు. సర్వీస్ వాళ్లు చార్జర్ మార్చాలన్నరు, ధర విని నాకు చెమట పట్టింది. మా కాలనీల పాత ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉంటడు, మీటరు తెచ్చి ప్లగ్గుల న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టి చూసిండు, 21 వోల్ట్‌లు చూపించింది, అంటే ఎర్త్ సరిగ్గ లేదు, అందుకే చార్జర్ ఆగిపోతున్నది. 'ఎండాకాలం భూమి ఎండిపోతే ఎర్త్ ఎక్కడుంటది సార్' అని నవ్విండు. ఇంటి వెనక ఎర్తింగ్ గుంత ఎక్కడుందో నాకే యాదికి లేదు, దాని మీద పూల కుండీలు పెట్టినం. కుండీలు జరిపి నాలుగు బకెట్ల నీళ్లు పోసినం, అర్ధగంట ఆగి చూస్తే 4 వోల్ట్‌లకి దిగింది, చార్జింగ్ ఎక్కింది. తర్వాత ఉప్పు, బొగ్గు కొత్తగ నింపిపిచ్చిన. ఇప్పుడు ఎండాకాలమంతా వారానికి రెండుసార్లు ఆ గుంతకి నీళ్లు పోసుడు మా నాయిన డ్యూటీ, కారుకి నీళ్లు పట్టొస్తా అని పోతడు.

మియాపూర్_సెల్లార్
కారుకి నీళ్లు పట్టడం సూపర్ అన్నా! 15 ఆంప్స్ ప్లగ్గు చాలా, లేక పెద్ద చార్జర్ పెట్టించాలా?

గోదావరిఖని_ఎండ
రోజుకి 30 కిలోమీటర్లకి 15 ఆంప్స్ ఎక్కువనే. గంటకి రెండున్నర, మూడు యూనిట్లు ఎక్కుతయ్, రెండు గంటల్ల నీ రోజు తిరుగుడు తిరిగొస్తది. కానీ గీజర్‌కి వాడే మామూలు సాకెట్ పెట్టకు. గీజర్ పది నిమిషాలు నడుస్తది, కారు రాత్రంతా గుంజుతది. నాది మొదటి నెలలనే సాకెట్ లోపల కరిగి ప్లగ్గు అతుక్కపోయింది, వాసనకి లేచిన. ఫ్యాక్టరీలల్ల వాడే నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టిపిచ్చి 4 ఎంఎం వైరు వేరేగా లాగిపియ్యి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ జోలికే పోకు.

కొండాపూర్_మాజీసెక్రటరీ
అసలు ప్రశ్న అడిగినాయన చివరి లైన్లో పెట్టేశారు. సెల్లార్ పార్కింగ్, ఒక్క ఈవీ లేదు. కారు ఏది కొనాలన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు మీ స్లాట్ దాకా వైరు వస్తుందో రాదో తేల్చుకోండి సర్. ఇంట్లో ప్లగ్గు ఉన్నవాడు పైన చెప్పినవన్నీ నవ్వుతూ చెప్తాడు. ప్లగ్గు లేక వారానికి రెండుసార్లు బయట చార్జర్ దగ్గర కూర్చునేవాడు ఆరు నెలల్లో కారు అమ్మేస్తాడు, మా బ్లాక్‌లోనే ఒకాయన అమ్మేశారు. ఖర్చు కూడా అంతే. ఇంట్లో పై స్లాబ్‌లో పడినా యూనిట్ తొమ్మిది, పది రూపాయలు, బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర జీఎస్టీతో కలిపి నేను ఇరవై పైనే కట్టాను.

నేను సెక్రటరీగా ఉన్నప్పుడు మొదటి ఈవీ వచ్చింది, మూడు మీటింగులు కొట్టుకున్నాం. ఒకరు నిప్పంటుకుంటుందంటారు, ఒకరు కామన్ కరెంటు వాడేస్తాడంటారు, ఒకరికి ఏ అభ్యంతరమూ లేదు గానీ ఒప్పుకోరు. చివరికి తేలింది ఏమిటంటే ఎవరి ఫ్లాట్ మీటర్ నుంచి వాళ్లే మీటర్ రూమ్ దగ్గరే వైరు తీసుకుని, సొంత ఖర్చుతో పైపులో వేసుకుని, స్లాట్ దగ్గర ఎంసీబీ, ఆర్‌సీసీబీ (లోడ్ ఎక్కువైనా, కరెంటు లీకైనా దానంతటదే ఆపేసే స్విచ్‌లు) పెట్టించుకోవాలి. నేల నుంచి నాలుగు అడుగుల ఎత్తులో, ఎందుకంటే మా సెల్లార్‌లోకి వానకి మోకాలి దాకా నీళ్లొచ్చిన సంవత్సరం ఉంది. నాకు 60 అడుగులకి 14 వేలయింది. ఉన్న ఇంటి కనెక్షన్‌తోనే కారు చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లో ఉంది, ఆ పేజీ ప్రింట్ తీసి మీటింగ్‌కి పట్టుకెళ్లండి. కాగితం చూపిస్తే సగం గొంతులు తగ్గుతాయి. ఫ్లాట్ కనెక్షన్‌కి మంజూరైన లోడ్ సరిపోతుందో లేదో కూడా చూసుకోండి, మూడు కిలోవాట్‌లే ఉంటే పెంచుకోవాలి.

డెట్రాయిట్_తెలుగు
ఎండ గురించి విన్నాక మా చలి గురించి కూడా వినండి. జనవరిలో మైనస్ 15లో నా కారు రేంజ్ (ఒక్క చార్జింగ్‌కి వెళ్లే దూరం) మూడో వంతు పోతుంది, హీటర్‌కే బోలెడు తాగేస్తుంది. చల్లబడ్డ బ్యాటరీ ఫాస్ట్ చార్జింగ్‌ని తీసుకోదు, చార్జర్‌కి వెళ్లే ముందే బ్యాటరీని వేడెక్కించుకోవాలి. కిందటిసారి ఊరొచ్చినప్పుడు మా తమ్ముడి కారు నడిపాను, భీమవరం చలికాలం చూసి ఆ బ్యాటరీ ఎంత అదృష్టవంతురాలో అనిపించింది.

వరంగల్_బుడ్డబ్యాటరీ
ఇంకో తమాషా. పెద్ద బ్యాటరీతో పాటు మామూలు 12 వోల్ట్‌ల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది దీంట్లో, తాళాలు, స్క్రీను, లైట్లు అన్నీ దాని మీదే. ఇరవై రోజులు ఊరెళ్లి వచ్చేసరికి అది చచ్చిపోయింది. పెద్దదాంట్లో 70 శాతం ఉంది, డోరు తెరవడానికి మాత్రం దిక్కులేదు. రిమోట్‌లో దాచిన తాళంచెవి తీసి డోరు తెరిచి, పక్కింటాయన డీజిల్ బొలెరోని బతిమాలి కేబుళ్లు వేసి లేపుకున్నా.

డీజిల్_వీరాభిమాని
ఆ బొలెరోకి దండం పెట్టావా లేదా?

వరంగల్_బుడ్డబ్యాటరీ
పెట్టాను, మిర్చి బజ్జీలు కూడా పెట్టించాను.

బెజవాడ_బైపాస్
కొత్తగా కొనేవాళ్లకి ఒక లెక్క. నెలకి వెయ్యి కిలోమీటర్లు అనుకుంటే, చార్జింగ్ ఎక్కేటప్పుడు వృథా అయ్యేది కూడా కలిపి 165 యూనిట్లు, మహా అయితే 1,650 రూపాయలు. నా పాత పెట్రోల్ కారుకి అదే దూరానికి ఏడున్నర వేలు దాటేది. తెలంగాణలో 2024 నవంబర్ నుంచి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మొత్తం తీసేశారు, 2026 డిసెంబర్ ఆఖరు దాకా అని జీవోలో ఉంది, నేను అంతకుముందే కొన్నాను, అది తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది. మిగిలే డబ్బులో కొంత టైర్లు తినేస్తాయి, అదీ రాసుకోండి. బండి బరువు, తొక్కగానే వచ్చే ఊపు, రెండూ కలిసి నా ముందు టైర్లు 32 వేలకే అరిగాయి.

మియాపూర్_సెల్లార్
అందరికీ థాంక్స్, కొండాపూర్ గారికి ఇంకా ఎక్కువ. ఇవాళ మీటర్ రూమ్‌కి వెళ్లి టేపు పట్టి కొలిచాను, నా స్లాట్ దాకా 85 అడుగులు, మధ్యలో లిఫ్ట్ గోడ ఒకటి అడ్డం ఉంది. వాచ్‌మన్‌ని ఎర్తింగ్ గుంత ఎక్కడుందని అడిగితే జనరేటర్ పక్కన సిమెంట్ మూత చూపించాడు, తీస్తే లోపల సిగరెట్ పీకలు తప్ప ఏమీ లేవు, ఎముకలా ఎండిపోయి ఉంది. ఆదివారం మీటింగ్‌లో విషయం ఎత్తుతున్నా. ఈలోపు ఆ గుంతలో రెండు బకెట్లు పోయించాను, కారు ఇంకా బుక్ కూడా చేయలేదు.