విక్రమ్ కూలింది కోడ్ వల్లా, కోడ్‌కి ఇచ్చిన అంకె వల్లా?

మారతహళ్ళి మూర్తి:
బ్యాలాళులోని ఇస్రో యాంటెన్నాల థ్రెడ్‌లో ఈ గొడవ అడ్డొస్తోందని ఇక్కడికి తెచ్చా. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద కూలింది సాఫ్ట్‌వేర్ వల్లే. అయిదు ఇంజన్లూ అనుకున్నదానికన్నా ఎక్కువ తోశాయి. ఫొటోల కోసం నిలకడగా ఉండాల్సిన కెమెరా కోస్టింగ్ దశలో ఆ తేడా పేరుకుపోయింది. దిద్దుకోవాలంటే గబుక్కున తిరగాలి. తిరిగే వేగానికి సాఫ్ట్‌వేర్ హద్దు పెట్టింది. ఇస్రో మాజీ ఛైర్మన్ సోమనాథ్ గారు చెప్పిందీ ఇదే.

పద్మజ, హెచ్‌ఎస్‌ఆర్:
హద్దు కోడ్‌లో ఉన్నంత మాత్రాన తప్పు కోడ్‌దెలా అవుతుందండీ? ఎవరో ఇచ్చిన అంకెను అది పాటించింది. పైగా దిగాల్సిన చోటు 500 మీటర్ల చదరం. దాన్ని అందుకోవాలనే వేగం తగ్గకుండానే ముందుకు సాగింది. చంద్రయాన్-3కి 4 కి.మీ. పొడవు, 2.5 కి.మీ. వెడల్పు ఇచ్చారు. అది కోడ్ మార్పా?

చిట్టిబాబు:
ఏం కూలినా సాఫ్ట్‌వేర్ వాళ్ళ నెత్తినే!

మారతహళ్ళి మూర్తి:
మరి 1999లో అంగారకుడి మీదికి నాసా పంపిన మార్స్ పోలార్ ల్యాండర్? నేల తాకకుండానే ఇంజన్ ఆపేసింది. కోడ్ కాదా?

పద్మజ, హెచ్‌ఎస్‌ఆర్:
కాదు. 1500 మీటర్ల ఎత్తులో కాళ్ళు విచ్చుకున్న కుదుపుకి సెన్సర్ 'నేల తగిలింది' అని ఒక దొంగ సంకేతం ఇస్తుంది. అది పరీక్షల్లోనే తెలుసు. దాన్ని పట్టించుకోవద్దన్న మాట సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్లలోకి, అంటే కోడ్ ఏం చేయాలో రాసిచ్చే స్పెసిఫికేషన్‌లోకి, దిగలేదు. 40 మీటర్ల దగ్గర సెన్సర్ చూడటం మొదలెట్టగానే, దాచుకున్న ఆ సంకేతాన్నే కోడ్ నమ్మింది.

వెంకట్_కంట్రోల్స్:
'అయి ఉండవచ్చు' అనండి. దిగేటప్పుడు ల్యాండర్ నుంచి వచ్చే సమాచారం, టెలిమెట్రీ, లేదు. విచారణ సంఘం కూడా ఎక్కువ అవకాశమున్న కారణం అనే రాసింది.

మారతహళ్ళి మూర్తి:
2016లో అంగారకుడి మీద కూలిన యూరప్ ల్యాండర్ స్కియాపరెల్లి? తిరిగే వేగం కొలిచే పరికరం ఐఎమ్‌యూ సుమారు ఒక సెకను కొలత పరిమితి దాటింది. లెక్క తప్పి ఎత్తు నేలకి దిగువన వచ్చింది. 3.7 కి.మీ. పైనే పారాచూట్ వదిలేసింది. ఎత్తు మైనస్‌లో వస్తే నమ్మకూడదని చిన్నపిల్లాడికైనా తెలుసు. మీకు అదీ స్పెసిఫికేషనే! రేపు కాఫీలో చక్కెర ఎక్కువైనా స్పెసిఫికేషనే అంటారు.

పద్మజ, హెచ్‌ఎస్‌ఆర్:
ఎగతాళి దేనికి? ఆ రెండిటి గురించీ అంకెలతో కొట్టుకోగలుగుతున్నాం, ఎందుకు? విచారణలో తేలింది బయటపెట్టారు. విక్రమ్ సంగతి? పార్లమెంటుకిచ్చిన జవాబులో, మొదటి దశలో 30 కి.మీ. నుంచి 7.4 కి.మీ.కి దిగేసరికి వేగం సెకనుకి 1683 మీటర్ల నుంచి 146కి తగ్గిందనీ, రెండో దశలో తగ్గుదల డిజైన్ విలువకన్నా ఎక్కువైందనీ ఉంది. పూర్తి నివేదిక బయటికి రాలేదు. మిగతాదంతా ఇంటర్వ్యూల్లో ఏరుకున్న ముక్కలే.

మారతహళ్ళి మూర్తి:
ఓహో, అసలు బాధ అదా! నివేదిక రాకపోయినా నేర్చుకున్నారుగా. చంద్రయాన్-3లో అయిదు ఇంజన్లు నాలుగయ్యాయి. ఇంధనం పెంచారు, కాళ్ళు గట్టిచేశారు. వేగం కొలిచే లేజర్ డాప్లర్ వెలాసిమీటర్ పెట్టారు. హెలికాప్టర్‌తో, టవర్ క్రేన్‌తో పరీక్షించారు. 2023 ఆగస్టు 23న దిగింది. ప్రతి తప్పూ బజారుకెక్కితే రేపు రివ్యూలో ఎవడు నోరు విప్పుతాడు?

పద్మజ, హెచ్‌ఎస్‌ఆర్:
పేర్లు తీసేసి ఇవ్వమనండి. నేర్చుకున్నది ఇస్రో. బెంగళూరు పీన్యా పారిశ్రామికవాడలో విడిభాగాలు చేసేవాళ్ళు, ల్యాండర్ కడతామంటున్న కొత్త కంపెనీలు ఎక్కడ చూసి నేర్చుకోవాలి?

మారతహళ్ళి మూర్తి:
దానికి వేరే థ్రెడ్ పెట్టుకోండి.

చిట్టిబాబు:
ఇంతకీ కోడా, కాదా?